అండమాన్ నికోబార్ దీవులు: మతం, ప్రపంచీకరణ

అండమాన్ నికోబార్ దీవులలో నేడున్న హిందూ, క్రైస్తవ, ముస్లిం, సిక్కు సమాజాల మతాలన్నీ ఓడ దిగి వచ్చినవే. 2011 జనగణనలో కేంద్రపాలిత ప్రాంత జనాభా 3,80,581. అందులో హిందువులు 69 శాతం పైచిలుకు, క్రైస్తవులు 21 శాతం, ముస్లింలు 8.5 శాతం. నికోబార్ జిల్లాను విడిగా చూస్తే క్రైస్తవులు దాదాపు 71 శాతం. తెలుగు మాతృభాషగా నమోదు చేసుకున్నవారు మొత్తం జనాభాలో 13 శాతం దాకా ఉన్నారు.

ప్రపంచీకరణను 1991 ఆర్థిక సంస్కరణలతో మొదలుపెట్టడం మన పత్రికలకు అలవాటు. మతం సంగతికి వచ్చేసరికి ఈ దీవులలో ఆ గీత ఎక్కడా ఆనదు. దేశాల మధ్య మతం ప్రయాణించడం ఇక్కడ 18వ శతాబ్దం నుంచీ నమోదై ఉంది. దీన్ని రాసినవారు ఎక్కువగా రెండు దారులు పట్టారు. ఒక దారిలో కథంతా పాశ్చాత్య మిషనరీలదే, రెండో దారిలో అంతా బ్రిటిష్ ప్రభుత్వానిదే. అందుబాటులో ఉన్న వివరాలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడో మాటకే బలం కనిపిస్తుంది. బయటి మతాన్ని ఇక్కడ నాటుకునేలా చేసినవారిలో హెచ్చుమంది చుట్టుపక్కల తీరాల మనుషులే: మద్రాసు ఉపదేశులు, బర్మా కరెన్లు, రాంచీ కూలీలు, మలబారు ఖైదీలు. యూరప్ నుంచి నేరుగా వచ్చిన ప్రయత్నాలు చాలావరకు సమాధులతో ముగిశాయి.

తొలి రాకపోకలు

నికోబార్ దీవులు కొబ్బరికాయల కోసం, మంచినీళ్ల కోసం ఓడలు ఆగే చోటు. 1711లో ఇద్దరు జెసూట్ పాద్రీలు ఇక్కడ దిగి కొంతకాలానికే హతులయ్యారని ఆ సంఘపు లేఖలను బట్టి చెబుతారు. 1755–56లో డెన్మార్క్ ఈ దీవులను తనవిగా ప్రకటించుకుంది. తమిళ తీరంలోని డేనిష్ స్థావరం తరంగంబాడి నుంచి మొరేవియన్ సోదర సంఘంవారు వచ్చి 1768 నుంచి 1787 వరకు నాంకౌరి రేవులో మకాం వేశారు. వారిలో చివరిదాకా ఉన్న హెన్సెల్ రాసిన లేఖలు 1812లో పుస్తకంగా వచ్చాయి. ప్రత్యక్ష ఆధారం ప్రధానంగా అదొక్కటే కనుక తరవాతి గ్రంథాలన్నీ దాని మీదే ఆనుకున్నాయి. పదకొండు మంది అక్కడే చనిపోయారనీ, తరంగంబాడికి తిరిగివచ్చాక ఆ జ్వరాలతోనే మరో పదమూడు మంది పోయారనీ ఆయన లెక్క. ఖర్చుల కోసం వాళ్లు గవ్వలు, పాములు, పురుగులు సేకరించి యూరప్ సేకర్తలకు అమ్ముకున్నారు. చేతికందిన మతమార్పిడి మాత్రం దాదాపు లేదు.

అదే కాలంలో ఎదురుదిక్కు నుంచి జరిగినది మిషన్ చరిత్రల్లో పెద్దగా కనిపించదు. నాంకౌరి వైపు దీవులలో రోగం వచ్చినప్పుడు మెన్లువానా అనే వైద్య మాంత్రికుడు దుష్టశక్తులను బెదరగొట్టడానికి రంగుల చెక్కపలకలు చేయించేవాడు. హెంటా-కోయి అని పిలిచే ఈ పలకల మీద సూర్యచంద్రులు, చేపలు, పందులతో పాటు మూడు తెరచాపల విదేశీ ఓడ, అద్దం, గొడుగు, గడియారం, టోపీ పెట్టుకున్న దొర బొమ్మలూ ఉంటాయి. ఓడల మీద వచ్చిన సామాన్లను నికోబారీలు తమ పూజలోకి, తమ పద్ధతిలో చేర్చుకున్నారన్నమాట. ప్రపంచీకరణకు ఇంతకంటె నిక్కమైన నమూనా ఈ దీవులలో మరొకటి కనబడదు. ఈ పలకలు ఇప్పుడు ఎక్కువగా యూరప్ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి.

శిక్షా స్థావరం

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పెట్టిన మొదటి వలస 1796 నాటికి ఎత్తేశారు. 1857 తిరుగుబాటు తరవాత 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు (పట్టణం పేరు 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం, ఇక్కడ పాత పేరే వాడాం). సముద్రం దాటితే కులం పోతుందన్న నమ్మకం వల్ల ద్వీపాంతర శిక్షకు కాలాపానీ అనే పేరుతో పాటు అదనపు భయం కూడా అంటుకుంది. అధికారులు దాన్ని శిక్షలో భాగంగానే లెక్కవేసుకున్నారు.

ఖైదీలలో మత పండితులూ ఉన్నారు. ఖైరాబాద్‌కు చెందిన ఫజల్ హఖ్ 1861లో ఇక్కడే మరణించాడు. సౌత్ పాయింట్ వద్ద ఆయన సమాధిని ఇప్పటికీ దర్శిస్తారు. ఆయన 1857లో జిహాద్ ఫత్వా మీద సంతకం చేశాడా లేదా అన్నది తేలని విషయం. చేశాడన్నది ప్రసిద్ధ కథనం. నాటి పత్రాలను పరిశీలించిన కొందరు ఉర్దూ పరిశోధకుల సందేహాన్ని మాత్రం తేలిగ్గా తోసిపుచ్చలేం. వహాబీ కేసులో 1866లో వచ్చిన జాఫర్ థానేసరీ దాదాపు పద్దెనిమిదేళ్లు ఉండి, విడుదలయ్యాక తన అనుభవాలను ఉర్దూలో పుస్తకంగా రాశాడు.

శిక్షలో కొంతభాగం పూర్తిచేసి మంచి నడవడి చూపినవారికి భూమి, పెళ్లి అనుమతి దొరికేవి. మగ ఖైదీలు ఆడ ఖైదీలను చేసుకున్న ఆ పెళ్లిళ్లలో కులం పట్టు సడలింది. కొన్ని కుటుంబాల్లో మతాల మధ్య కూడా సంబంధాలు కలిశాయి. వీరి సంతతిని 'లోకల్ బార్న్' అంటారు. వారి ఇంటిభాష హిందుస్తానీ. ఒకే వంశంలో ఒకరు హిందువు, మరొకరు ముస్లిం కావడం వీరిలో వింతగా తోచే సంగతి కాదు.

1863లో చాప్లిన్ హెన్రీ కార్బిన్ రాస్ దీవిలో 'అండమాన్ హోమ్' తెరిచి గ్రేట్ అండమానీలకు ఇంగ్లిష్, క్రైస్తవ మర్యాద నేర్పించబోయాడు. మతం అంటుకోలేదు, రోగాలు అంటుకున్నాయి. 1877లో తట్టు వచ్చిపడింది. మేహరోగం, ఇన్‌ఫ్లుయెంజా దానికి తోడయ్యాయి. వేలల్లో ఉండేవారని అంచనా వేసిన ఆ జాతి 1901 లెక్కల్లో 625, 1931లో 90, 1961లో 19.

సెల్యులార్ జైలులో (1896–1906 మధ్య కట్టినది) జందెం తీయించడం, మతమార్పిడి ఒత్తిళ్లు వంటి గొడవల గురించి రాజకీయ ఖైదీల జ్ఞాపకాలలో ఉంది. అవి విడుదల తరవాత, ఒక్కొక్కరి రాజకీయ దృష్టితో రాసినవి కనుక జాగ్రత్తగా వాడుకోవాలి.

1918–1926: నాలుగు వలసలు

ఎనిమిదేళ్ల వ్యవధిలో నాలుగు గుంపులు దిగాయి. అడవి పని కోసం 1918 నుంచి ఛోటానాగపూర్ ఆదివాసులు, అంటే ఉరాన్, ముండా, ఖడియాలు, రాంచీ కాథలిక్ మిషన్ నడిపిన కూలీల సంస్థ ద్వారా వచ్చారు. ఇక్కడ వీరి పేరు 'రాంచీవాలా'. వీరిలో కాథలిక్కులతో పాటు జర్మన్ మిషన్ నాటి లూథరన్లు కూడా ఉన్నారు. పాద్రీలు తీరికగా వచ్చేలోపలే వీరి ఆదివారపు ప్రార్థనలు మొదలయ్యాయి. గోవా పిలార్ సంఘపు ఫాదర్లు బాధ్యత తీసుకున్నది 1965లో. పోర్ట్ బ్లెయిర్ కాథలిక్ డయాసిస్ ఏర్పడింది 1984లో.

1921 మలబారు తిరుగుబాటు తరవాత మాపిళ్ల ముస్లిం ఖైదీలను పంపారు. దక్షిణ అండమాన్‌లో కాలికట్, వండూర్, తిరూర్, మన్నార్‌ఘాట్ అనే ఊళ్ల పేర్లు వీరివే. 1926లో నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం నుంచి 'నేరస్థ తెగ' ముద్రపడిన భాంతూలను సాల్వేషన్ ఆర్మీ ఆలనలో తెచ్చారు. లండన్‌లో పుట్టిన సంస్థ, భారతదేశపు చట్టం, అండమాన్ అడవి: మూడూ ఒక కుటుంబం బతుకులో కలిసిన సందర్భం ఇది.

నాలుగో గుంపు కరెన్లు. 1925లో బర్మా బసీన్ ప్రాంతం నుంచి పాస్టర్ లూగ్యీ వెంట కొద్ది కుటుంబాలు వచ్చి మధ్య అండమాన్‌లో మాయాబందర్ దగ్గర వెబి గ్రామం కట్టుకున్నాయి. అప్పటికే వీరు బాప్టిస్టులు. అమెరికన్ బాప్టిస్టు అదోనిరామ్ జడ్సన్ బర్మా చేరింది 1813లో, కరెన్లలో మొదటి బాప్తిస్మం 1828లో. స్గా కరెన్ భాషలో బైబిలు 19వ శతాబ్దం మధ్యకే పూర్తయింది. కనుక వెబిలో దిగింది అమెరికన్ మతమే అనవచ్చు గాని, దాన్ని తెచ్చింది కరెన్ పాస్టరు, పాడింది కరెన్ భాషలో.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. అదే అమెరికన్ బాప్టిస్టు సంస్థ పంపిన శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగి, శ్రీకాకుళం వెళ్లి, చివరికి 1840లో నెల్లూరులో నిలిచాడు. తరవాతి తరం జాన్ క్లౌ ఒంగోలు మిషన్‌ను ప్రసిద్ధం చేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చాలా పుస్తకాలు దీన్ని క్లౌ ఖాతాలో వేస్తాయి. నిజానికి ఆనాడు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరేసి. అంతకు ముందు ఊరూరా తిరిగి మాదిగవాడల్లో ఆ మాట నాటినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఆ తెలుగు సంఘమే 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికా నాటాల్ చెరుకుతోటల తెలుగు కూలీల దగ్గరికి పంపింది. మతాన్ని పుచ్చుకున్న ఊరు వందేళ్ల లోపే పంపే ఊరు కావడం బంగాళాఖాతం రెండు ఒడ్డులా జరిగింది.

కార్ నికోబార్

దీవులలో పెద్ద మతపరివర్తన జరిగింది ఇక్కడే. డేనులు వెళ్లాక 1869లో బ్రిటిష్‌వారు నికోబార్‌ను స్వాధీనం చేసుకున్నారు. 1890ల మధ్యలో మద్రాసు రాజధాని నుంచి వచ్చిన తమిళ క్రైస్తవుడు వేదప్పన్ సాలమన్ కార్ నికోబార్‌లోని మూస్ గ్రామంలో ప్రభుత్వ ఏజెంటుగా నియమితుడయ్యాడు. వాతావరణం నమోదు చేయడం, ఓడల లెక్క చూడడం ఆయన ఉద్యోగం. ఉపదేశి పని దానికి జోడు. 1909లో చనిపోయే దాకా మూస్‌లో చిన్న బడి, చిన్న సంఘం నడిపాడు. ఆయన పేరు ఆంగ్లికన్ చరిత్రల్లో ఒకటి రెండు పేరాలకు మించదు. ఈ వ్యాసం దృష్టిలో ఆయనది అంతకంటె పెద్ద చోటు.

ఆయన చేరదీసిన పిల్లల్లో ఒకడు హా చెవ్ కా. తరవాత జాన్ రిచర్డ్‌సన్ అయ్యాడు. పుట్టిన ఏడు 1884 అని ఎక్కువ రచనలు రాస్తాయి. పుట్టినరోజులు రాసి పెట్టుకోని సమాజం కనుక అది అంచనాయే అనుకోవాలి. ఆంగ్లికన్ సంస్థ ఎస్.పి.జి. మాండలేలో నడిపిన పాఠశాలలో చదువుకుని తిరిగివచ్చి మూస్‌లో పంతులయ్యాడు. ఫుట్‌బాల్ కార్ నికోబార్‌కు ఆయనతోనే వచ్చిందని చెప్పుకుంటారు. 1934లో దీక్ష పొందాడు. 1942 నుంచి 1945 దాకా సాగిన జపాన్ ఆక్రమణలో గూఢచర్యం నెపంతో చాలామంది నికోబారీలను చంపారు; రిచర్డ్‌సన్ కుటుంబానికీ ఆ దెబ్బ తగిలింది. ఆయన బతికి బయటపడ్డాడు.

యుద్ధానికి ముందు క్రైస్తవులు కొద్దిమందే. యుద్ధం తరవాత కొన్నేళ్లలోనే దీవి దాదాపు మొత్తం ఆ మతంలోకి వచ్చింది. ఇంత వేగానికి కారణం ఏమిటన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. ఆసుపత్రి, బడి వల్ల అంటారు కొందరు. జపాను కాలపు కష్టాలలో పాత మాంత్రికుల శక్తి మీద నమ్మకం పోయిందంటారు మరికొందరు. రిచర్డ్‌సన్ నికోబారీ కావడం, ఆయన చేతి మీదుగా కొత్త నిబంధన కార్ నికోబారీ భాషలో రావడం అన్నిటికంటె గట్టి కారణంగా కనిపిస్తాయి. బడి, మందు మొరేవియన్ల దగ్గరా కొద్దో గొప్పో ఉన్నాయి మరి. ఆయన 1950లో సహాయ బిషప్ అయ్యాడు; 1966లో అండమాన్ నికోబార్ ప్రత్యేక డయాసిస్ అయినప్పుడు దాని మొదటి బిషప్. 1978లో మరణించాడు.

1952లో రాష్ట్రపతి ఆయనను మొదటి లోక్‌సభకు నామినేట్ చేశారు. రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరుడుగా శిక్షపడి అండమాన్ చేరిన గాం మల్లుదొర కూడా విశాఖపట్నం నుంచి గెలిచి అదే సభలో కూర్చున్నాడు. ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో గాని, అదే సముద్రం ఒకరిని ఖైదీగా తెచ్చింది, ఒకరిని చదువుకు తీసుకెళ్లింది.

క్రైస్తవం వచ్చాక పాత ఆచారాలన్నీ పోలేదు. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి వంట, ఉమ్మడి పందుల మందలతో నడిచే 'తుహెత్' అనే పెద్ద కుటుంబమే నేటికీ సమాజానికి వెన్నెముక. పెద్దల జ్ఞాపకార్థం చేసే పంది విందు చర్చి పండుగల పక్కనే సాగుతోంది. తుహెత్ మీద అసలు దెబ్బ 2004 డిసెంబరు 26 సునామీతో వచ్చింది. తీరపు ఊళ్లు కొట్టుకుపోయాయి. దేశదేశాల నుంచి సహాయం వచ్చిపడింది. అయితే గిరిజన రిజర్వు చట్టం వల్ల విదేశీ సంస్థలకు నికోబార్‌లోకి నేరుగా ప్రవేశం పరిమితం. పరిహారం, శాశ్వత గృహాలు తుహెత్‌కు కాక ఒక్కొక్క చిన్న కుటుంబానికి లెక్కగట్టి ఇచ్చారు. ఉమ్మడి వ్యవస్థను ఇది బలహీనపరిచిందని పరిశోధకులు తరచు ఎత్తి చూపుతారు. మతం మారినప్పుడు చెక్కుచెదరని కుటుంబం ఇంటి ప్లానుతో కదిలింది.

గురుద్వారా కథనాలు

పోర్ట్ బ్లెయిర్ సిక్కు సమాజానికి గుర్తు డాక్టర్ దివాన్ సింగ్. ప్రభుత్వ వైద్యుడు, పంజాబీ కవి. ఇక్కడ గురుద్వారా, దానికి అనుబంధంగా బడి నెలకొల్పాడు. 1944 జనవరి 14న జపాను సైన్యం చిత్రహింసలతో చనిపోయాడు. గురుద్వారాను కొరియా స్త్రీలను ఉంచడానికి అడిగితే ఒప్పుకోనందుకు చంపారని ఒక కథనం. గూఢచర్యం కేసులో పట్టుకుని చంపారని మరొకటి. అప్పుడు అదే కేసులో మరెందరినో పట్టుకున్నందున రెండోదాని వైపే మొగ్గు. మొదటిది నిందకు దారితీసిన పగల్లో ఒకటి అయి ఉండవచ్చు.

ఉత్తర సెంటినెల్, 2018

2018 నవంబరులో 26 ఏళ్ల అమెరికన్ జాన్ అలెన్ చౌ సువార్త చెప్పాలని ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లి, అక్కడివారి చేతిలో చనిపోయాడు. ఆ దీవివారి సంఖ్య ఎవరికీ తెలియదు. 2011 జనగణన దూరం నుంచి చూసి 15 అని రాసుకుంది. చౌ డైరీని బట్టి, అంతకు ముందటి ఒక ప్రయత్నంలో ఒక బాలుడు వేసిన బాణం అతని చేతిలోని బైబిలుకు గుచ్చుకుంది. నవంబరు 17 ఉదయం అతని శవాన్ని ఇసుకలో ఈడ్చుతుండగా పడవవాళ్లు చూశారు. శవాన్ని తేవాలన్న ప్రయత్నం అధికారులు విరమించారు. అతన్ని పంపిన సంస్థ ఆల్ నేషన్స్ మిస్సోరి రాష్ట్రానిది. అది అతన్ని కొనియాడింది. బయటి రోగాలకు రక్షణ లేని జనం దగ్గరికి ఇలా వెళ్లడాన్ని క్రైస్తవులలోనే చాలామంది తప్పుపట్టారు.

ఆ ఏడాది ఆగస్టులో విదేశీయుల పరిమిత ప్రాంత అనుమతి నిబంధనను 29 దీవులకు సడలించారు, ఉత్తర సెంటినెల్ అందులో ఒకటి. ఈ సడలింపే కారణమని అప్పట్లో గట్టిగా వినిపించింది. చౌ అంతకు మూడేళ్ల ముందు నుంచే అండమాన్ వచ్చిపోతూ సిద్ధమయ్యాడు. పైగా 1956 ఆదివాసి రక్షణ రెగ్యులేషన్ నిషేధం యథాతథంగా ఉంది. కనుక ఆ కారణం పూర్తిగా నిలబడదు.

ఎక్కువమంది దాటవేసే సంగతి మరొకటి. అతన్ని రాత్రిపూట పడవలో చేర్చినందుకు అరెస్టయిన మత్స్యకారులలో చాలామంది, ఆనాటి వార్తల్లో వచ్చిన పేర్లను బట్టి, కరెన్లు. ముట్టిన సొమ్ము 25,000 రూపాయలని పోలీసులు చెప్పారు. అమెరికా నుంచి బర్మాకు, బర్మా నుంచి మాయాబందర్‌కు వచ్చిన బాప్టిస్టు సంఘపు మనవలు మళ్లీ ఒక అమెరికన్‌ను సముద్రం దాటించారు. డబ్బు కోసమా, విశ్వాసం కోసమా అన్నది కేసు కాగితాలతో తేలే విషయం కాదు. ఇందులో పెద్ద కుట్ర చూసినవారి కంటె, సంఘంలో పరిచయాల ద్వారా పడవ దొరికిందని చెప్పేవారి మాటే నమ్మదగ్గది.

తెలుగువారు

దీవులలోని తెలుగువారు ప్రధానంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాలవారు. 1950ల నుంచి ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలను స్థిరపరిచింది. అంతకంటె ఎక్కువమంది కూలికి, వేటకు, చిల్లర వ్యాపారానికి తామే వచ్చారు. పోర్ట్ బ్లెయిర్ పరిధిలో జంగ్లీఘాట్, అబెర్దీన్ బజార్, డిగ్నాబాద్ వంటి చోట్ల తమిళులు, బెంగాలీలు, లోకల్ బార్న్‌లతో కలిసి ఉంటారు. ఊరి అమ్మవారిని వెంట తెచ్చుకోవడం, వేటకు దిగేముందు గంగమ్మకు మొక్కడం తీరపు అలవాటే. కొత్తగా చేరినవి ఇక్కడి పొరుగువారివి: బెంగాలీల దుర్గాపూజ మండపాలకు తెలుగువారు చందా ఇస్తారు, మలయాళీల అయ్యప్ప దీక్ష మన ప్రాంతంలోలాగే ఇక్కడి తెలుగు యువకుల్లోనూ కనిపిస్తుంది. తెలుగులో ఆరాధన జరుపుకునే క్రైస్తవ సంఘాలూ ఉన్నాయి.

పరదేశపు తెలుగువారితో పోలిస్తే ఇక్కడి తీరు వేరు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు, సింహాద్రి అప్పన్న భజనలు తరతరాలుగా సాగుతున్నాయి. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్ర మహాసభ ఏర్పడింది. అమెరికాలో తిరుమల దేవస్థానం సహకారంతో 1976లో పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం వెలిసింది. అక్కడ దూరం మతాన్ని సంస్థగా మార్చింది. అండమాన్ నుంచి సొంత ఊరు 1,200 కిలోమీటర్ల దూరమే. జాతరకు వెళ్లగలిగినవారు వెళతారు కనుక పెద్ద ఆలయ సంస్థల అవసరం అంతగా పడలేదేమో.

2008లో మొదలైన తిరుమల దేవస్థానం చానెల్ ఎస్.వి.బి.సి. వంటివి డిష్ యాంటెన్నాతో ఇక్కడికీ వచ్చాయి. ఫోన్‌లో వీడియో చూడడం మాత్రం 2020 దాకా కష్టమే, ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే నడిచేది. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దాకా శాఖలున్నాయి. అది వచ్చింది కోవిడ్ కాలంలో, గుళ్లూ చర్చిలూ మూసి ఉన్నప్పుడు. హైదరాబాద్, విజయవాడ పాస్టర్ల ప్రసంగాలు, తిరుమల కల్యాణోత్సవాలు దీవుల్లో ఫోన్లకెక్కాయి. ఓడలు మాత్రం చెన్నై, కోల్‌కతాల నుంచి వచ్చినంత తరచుగా విశాఖ నుంచి ఇప్పటికీ రావు.